చీటీ మీద పేరు

చిట్టితల్లికి,

నువ్వు గీసిన నా బొమ్మ చూసి, దాని గురించి నీతో ఒక్క మాటైనా అనకుండా ప్రదర్శన మధ్యలోంచి వచ్చేశాను. మోకాళ్ల నొప్పి అన్నది ఉత్త సాకు. బొమ్మ బాగుంది. పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నె, ఆవిరి పట్టిన వంటింటి కిటికీ, గుడ్డతో ఆ అద్దం తుడుస్తూ వెనకనుంచి నేను. జారిపోయిన నా ముడిని కూడా వదల్లేదు నువ్వు. కింద చీటీ మీద ‘తుడుస్తున్న స్త్రీ’ అని రాసి ఉంది. కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన, “పాపం, ఈవిడ బతుకంతా గుడ్డ పట్టుకోవడంతోనే సరిపోయింది” అన్నాడు. ఆ ఈవిడ తన వెనకే నిలబడి ఉందని ఆయనకేం తెలుసు? కానీ నువ్వు తల ఊపావు. నా మనసు చివుక్కుమంది.

ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. నేను అద్దం తుడిచేదాన్ని కాదమ్మా. ఆవిరి పట్టగానే దాని మీద వేలితో బొమ్మలు గీసేదాన్ని. మీ నాన్నమ్మ అడుగుల చప్పుడు వినబడగానే గుడ్డ అందుకునేదాన్ని. ఒకసారి దొరికిపోయాను. “బిడ్డ తల్లివి, ఇంకా ఈ పిచ్చిగీతలేంటి?” అంది. ఆ సిగ్గుతో కాగితం మీద గీసే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు. ఆ గుడ్డ ఒక్కటే నేనని నలుగురూ అనుకోవడం భరించలేను. ఆ బొమ్మను గోడ మీంచి దించెయ్యి.

మీ అమ్మ

అమ్మా,

నీ ఉత్తరం చదివి, దించేద్దామనే వెళ్లాను. చెయ్యి వేసి ఆగిపోయాను. బొమ్మలో గుడ్డ నీ కుడిచేతిలో ఉంది. నీది ఎడమచేతివాటం కదా, ఆ ఎడమ చూపుడువేలు తడిగా మెరుస్తోంది. అలా ఎందుకు గీశానో నాకే తెలియదు. నాకు ఏడేళ్లప్పుడు చూసింది చూసినట్టే గీసి, పేరు మాత్రం తప్పు పెట్టాను. కోప్పడకు, బొమ్మ దించలేదు. చీటీ మార్చాను. ఇప్పుడు ‘చెరిపేస్తున్న స్త్రీ’ అని ఉంది.

నిన్న ఒక పెద్దావిడ దాని ముందు చాలాసేపు నిలబడి, “ఏం చెరిపేస్తోంది?” అని అడిగింది. అమ్మను అడిగి చెబుతానన్నాను. ఏం గీసేదానివమ్మా?

నీ కూతురు

చిట్టితల్లీ,

చెప్పిన మాట ఎప్పుడు విన్నావు గనక. సరే, ఉండనీ.

నా వెనక బల్ల దగ్గర కూర్చుని పాఠాలు రాసుకునే పిల్లను గీసేదాన్ని. జడలు వచ్చేవి, వంచిన మెడ వచ్చేది. నీ ముక్కు మాత్రం ఒక్కనాడూ కుదరలేదు. ఎవరి అడుగులూ వినబడని రోజుల్లో కూడా చెరిపేసింది అందుకే.

పెన్సిల్ కొనుక్కున్నాను. ఆదివారం వచ్చి, కదలకుండా కూర్చో.

అమ్మ