కత్తి దాచిన చోటు

జూన్ 3, సోమవారం
తమ్ముడు వచ్చాడు. ఒక బ్యాగు, ఒక మందుల డబ్బా, అంతే. హోటల్లో పని దొరికేదాకా ఇక్కడే ఉంటాడు. నేనే రమ్మన్నాను. వంటలో వాడు చెయ్యి తిరిగినవాడు. జబ్బు చేశాక ఎవరూ పనిలో పెట్టుకోవడం లేదు. చెవిలో మాటలు వినిపించడం ఆగి ఏడాది దాటింది. మాత్రలు తప్పకుండా వేసుకుంటాడు. జబ్బు ముదిరిన రోజుల్లోనూ వాడు ఎవరిమీదా చెయ్యెత్తలేదు. ఓ మూల కూర్చుని ఏడ్చేవాడు, పాపం.

జూన్ 4
కూరల కత్తి వాషింగ్ మెషిన్ వెనక దాచాను.

జూన్ 8, శనివారం
మా మానసిక వార్డులో పేషెంట్ల ఇంటివాళ్లకి శనివారం క్లాసు చెప్పేది నేనే. హెడ్ నర్సుని కదా. ఇవాళ ఒక తల్లి లేచి, కొడుకు ఇంటికొచ్చాక చిన్నపిల్లల్ని వాడి దగ్గర వదలొచ్చా అని అడిగింది. ఒళ్లు మండింది. సినిమాలు చూసి బెదిరిపోకమ్మా, వీళ్లవల్ల మనకి జరిగే హాని కంటే మనవల్ల వీళ్లకి జరిగేదే ఎక్కువ అని గట్టిగా చెప్పాను. అందరూ తలలూపారు. నేను మాటవరసకి చెప్పలేదు. నమ్మే చెప్పాను.

ఇంటికొచ్చేసరికి వాడు వంట చేసేశాడు. చిక్కుళ్లు చేత్తో తుంచాడు. టమాటాలు మా అమ్మాయి స్కూలు కత్తెరతో కోశాడట. కత్తి ఏదని అడగలేదు. మావయ్య కూర నీ కూరలా లేదు, బాగుంది అంది మా అమ్మాయి. నవ్వాను.

జూన్ 11, ఉదయం 6
రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. సిగ్గేసి, కత్తి తీసి స్టవ్ పక్కన పెట్టాను.

6.20
మళ్లీ దాచాను. అమ్మాయి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. వాడు అక్కడే ఉన్నాడు.

జూన్ 14
తమ్ముడు నిన్న వండి చూపించిన హోటల్ ఓనరు ఫోన్ చేశాడు. మీవాడి చేతివంట అమోఘం అన్నాడు. కానీ రోజంతా కత్తితో పని కదమ్మా, నువ్వు నర్సువి, పైగా అక్కవి, నువ్వు సరేనంటే రేపే చేర్చుకుంటా అన్నాడు. ఏళ్లుగా క్లాసులో గడగడా చెప్పే జవాబే. వాషింగ్ మెషిన్ వైపు చూశాను. అటునుంచి హలో, హలో అంటున్నాడు. చివరికి, మందులు వేసుకుంటే ఏం ఫరవాలేదండీ అన్నాను. ఆ "వేసుకుంటే" ఎందుకన్నానో! సరేనమ్మా, చూద్దాం అని పెట్టేశాడు.

జూన్ 15, శనివారం
తలనొప్పని చెప్పి క్లాసు ఎగ్గొట్టాను.

జూన్ 17
తమ్ముడు హోటల్‌కి వెళ్లొచ్చాడు. పని లేదన్నారట. మీ అక్క మంచిమనిషయ్యా, అబద్ధం చెప్పలేకపోయింది అన్నాడట ఓనరు. వాడు నాకిది కోపంగా చెప్పి ఉంటే బాగుండేది. మంచినీళ్లు తాగుతూ మామూలుగా చెప్పాడు. నువ్వేం బాధపడకు అక్కా అని కూడా అన్నాడు. నా తమ్ముడి కడుపు మీద నేనే కొట్టాను.

జూన్ 18
ఓనరుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను, బతిమాలాను. ఇంకొకర్ని పెట్టేసుకున్నామమ్మా అన్నాడు.

జూన్ 19
తమ్ముడు తన గది లోపలి గడియ విప్పి, తలుపుకి బయటివైపు బిగించాడు. నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అక్కా అన్నాడు.

జూన్ 20
గడియ వేశాను. నిద్ర పట్టింది.