నిప్పు లోపలికి

నాయనమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి పదకొండేళ్లు. పొద్దున నీ సమాధి మీద పూలు పెట్టాక, తార్నాక ఇంటికి వెళ్లబుద్ధి కాక యూనివర్సిటీలోకి నడిచాను. అక్కడ గ్యాలరీలో మత్తు గురించి బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఏ దేశం వాళ్లు ఏం తాగారో, ఏం నమిలారో అన్నీ గీశారు. నల్లమందు గొట్టం, హుక్కా, కోకా ఆకులు నములుతున్న కొండ మనుషులు. చివరి గోడ మీద నువ్వున్నావు.

నువ్వు కాదులే. మన శ్రీకాకుళం చీరకట్టుతో ఒక ముసలామె, నోట్లో చుట్ట. కానీ నిప్పు బయటికి గీశారు.

నువ్వు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేదానివి. పాస్టరుగారు వస్తారేమో చూడమని నన్ను గేటు దగ్గర నిలబెట్టేదానివి. ఆయన కనబడగానే చుట్ట ఆర్పి, రొంటిన దోపుకుని, ఏలక్కాయ నములుతూ ఎదురెళ్లేదానివి. ఆ రెండు వాసనలూ కలిస్తే నాకు ఇప్పటికీ నువ్వే.

"నోరు కాలదా?" అని అడిగితే, "కాల్దే పిల్లా, అలవాటైపోద్ది" అనేదానివి.

బొమ్మలో తప్పుందని అక్కడ నిలబడ్డ స్టూడెంట్ అమ్మాయికి చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు.

"ఏంది మేడం, నిప్పు లోపటికా? నోరు కాలదా?"

నీ మాటే నోటిదాకా వచ్చింది. ఆఖరి నెలల్లో నోట్లో పుండుతో గంజి కూడా మింగలేక నువ్వు పక్కకు జరిపిన గిన్నె గుర్తొచ్చింది.

"కాలుద్దమ్మా," అన్నాను. "మనకి చెప్పరంతే."