ఇంకా ఎంచుకోని గాలి ఉలి

కుప్పం,
అక్టోబరు 1999.

తమ్ముడు మునీంద్రకు అక్క రాసేది,

నువ్వు చెన్నై నుంచి పంపిన గాలి పనిముట్ల క్యాటలాగు అందింది. గ్రానైట్ పని మానేసినప్పటి నుంచి మీ బావకు అదే లోకం. పెరట్లో సొంతంగా రాళ్లు చెక్కే షెడ్డు వేస్తారట. కంప్రెసరుతో నడిచే ఉలి కావాలట. "ఇనుపది బరువైనా శానా కాలం మన్నుతాది. అల్యూమినియందైతే తేలిగ్గా ఉంటాది. యాది మేలో మునీంద్రను అడుగు మే" అంటారు. ఆ నాలుగు మాటలకే దగ్గు తెరలు.

ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయిందనీ, ఇక మందు లేదనీ తిరుపతి డాక్టరు నాకు విడిగా చెప్పాడు. నేను ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలియదని మాత్రం అనుకోను.

మొన్న ఆయుధపూజకు ఇంట్లో పనిముట్టు ఒక్కటీ లేక, క్యాటలాగులోని ఉలి బొమ్మకే పసుపూ కుంకుమా పెట్టారు. నేను హారతి ఇచ్చాను.

అందుకని నువ్వు ఏదీ కొని పంపొద్దు. ఏది గట్టిదో తేల్చి కూడా రాయొద్దు. ఇంకో రకం వస్తున్నదట, చూసి చెబుతానని రాస్తూ ఉండు. కొత్త క్యాటలాగు దొరికితే పంపు.

పలచటిది చూసి పంపు. ఇది ఒళ్లో పెట్టుకోవడానికే ఆయనకు బరువైపోతున్నది.

మీ అక్క