బర్రెల కొట్టంలో లేత్ మిషన్

ముత్తంగి

చెవులు మొరాయించినా మనసు మొరాయించని మా పెద్దరాములుకు,

నీ పోచయ్య రాస్తున్నాడు. ఫోన్ చేస్తే నువ్వు “ఆఁ? ఆఁ?” అంటావు, నేను అరుస్తాను, మధ్యలో సంగతి ఊరందరికీ తెలుస్తుంది గానీ నీకు తెలియదు. అందుకే ఈ కోడిగీతలు. ఓపికగా చదువు, ఇది పండుగలాంటి కబురు.

మా నిషిత లేత్ మిషన్ తెచ్చిందిరా! ఎక్కడనుకున్నావు? మన ఇంట్లో! నేను బర్రెలు అమ్మేశాక ఖాళీగా పడి ఉన్న కొట్టంలో, అప్పట్లో నువ్వు దగ్గరుండి గచ్చు వేశావే, ఆ కొట్టంలోనే. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ కావలసిన సైజుకు చెక్కే మిషన్ అది. పటాన్‌చెరు కంపెనీలో ఇన్నేళ్లూ మా బిడ్డ దాని మీదే పని చేసింది. ఇప్పుడు ఆ కంపెనీలోకి కంప్యూటర్ మిషన్లు వచ్చాయి, పాతవాటిని తుక్కు కింద పంపిస్తామన్నారు. మా పిల్ల మనసు ఒప్పుకోలేదు. నౌకరీ మానేసి, ఆ మిషన్‌ను తానే కొనుక్కుంది. ఇంట్లోనే పని పెట్టుకుంటానంది. నేను వద్దనలేదు. వద్దంటే వినే పిల్లా అది?

క్రేన్ బండి మా గల్లీలోకి వచ్చిన రోజు నువ్వు చూడాల్సింది! కరెంటు తీగలు ఎత్తి పట్టుకునేవాళ్లు కొందరు, “ఎడమకు, ఎడమకు” అని అరిచేవాళ్లు కొందరు. పెళ్లికూతురు దిగినట్టు దిగింది మిషన్. నర్సింహమ్మ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టడానికి చేయి ఎత్తగానే మన పిల్ల ఉరికొచ్చింది.

“అమ్మా, ఆ మెరిసే పట్టాల మీద నీళ్లు పడొద్దు, తుప్పు పడ్తది!”

“దేవునికి మొక్కేటప్పుడు తుప్పు అంటవేందే? నోరు మంచిది గాదా?”

చివరికి కాయను గుమ్మం దగ్గర కొట్టారు. మిషన్ నడపడం మా బిడ్డకు కొట్టిన పిండే, కానీ నిలబెట్టడం కొత్త. కంపెనీలో అది వేరే వాళ్ల పని. అయినా తానే రసమట్టం పెట్టి పొడవునా సరిచూసుకుని బోల్టులు బిగించింది. త్రీఫేజ్ కరెంటు వచ్చిన రోజు మొదటి కడ్డీ తిప్పింది. నీలంగా మెరుస్తూ చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంటే ముద్దొచ్చి చేత్తో తీశాను. చుర్రుమంది! వేలు నోట్లో పెట్టుకుని నేనే నవ్వాను. ఆ కంపెనీ ఓనరు రాజశేఖర్ సారే మొదటి పని ఇచ్చాడు. ఏవో మిషన్లలో బిగించే ఇనుప పిన్నులు. ఇవి బాగుంటే పని ఆగకుండా వస్తుంది.

ఇరుగుపొరుగు అందరికీ చెప్పేశాను. నువ్వే మిగిలావు.

నీ
పోచయ్య


ముత్తంగి

రాములూ,

పోయిన ఉత్తరంలో ఎగిరి గంతేశాను కదా, ఈసారి కాళ్లు నేల మీదే ఉన్నాయి.

పిన్నులు తిరిగొచ్చాయి. ఒక్కటి పనికొస్తే ఒట్టు. ఒక కొస కంటే ఇంకో కొస లావుగా ఉన్నాయట. కంటికి కనబడదు, వేలికి తెలియదు. సన్న కొలతలు తీసే మైక్రోమీటర్ పెట్టి చూస్తే వెంట్రుకలో సగమంత తేడా. ఆ మాత్రానికే పిన్ను బిగుసుకుపోతుందట. ఇంకోసారి చేసి తెమ్మన్నాడు సారు, అదే ఆఖరట. మళ్లీ చెడితే ఇంటి పని మీద నమ్మకం పెట్టుకోడు.

బిడ్డ చేయనిది లేదు. ఇనుము చెక్కే టూలు మార్చింది, సానబట్టింది, విప్పింది, తుడిచింది, మళ్లీ బిగించింది. అదే తేడా. చూడవచ్చిన ప్రతివాడూ “పాత మిషన్ గదా, అరిగిపోయింది” అని చెప్పి చాయ్ తాగి వెళ్తున్నాడు. నిషిత మాత్రం, “అరిగిపోలే. నా చేతుల నడిచిన మిషన్, నాకు తెల్వదా?” అంటుంది. అని మళ్లీ కొట్టంలోకి వెళ్తుంది. అన్నం పళ్లెంలోనే ఆరిపోతుంది. నర్సింహమ్మ నా మీద పడుతుంది. “ఏందయ్యా, తండ్రివి గాదా, ఏమన్న జెయ్యి!”

చేశానురా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. నిన్న తెల్ల చొక్కా వేసుకుని కంపెనీకి వెళ్లి రాజశేఖర్ సారును కలిశాను. “మా బిడ్డను మళ్ల నౌకరీల తీసుకోండ్రి సారూ” అని అడిగాను. ఆయన మంచివాడు, కుర్చీ వేశాడు. “తీసుకుంటం కాకా. పంపించు” అన్నాడు. పని దొరికిందన్న సంతోషంతో బయటికి రావాలి కదా? నాకు మాత్రం దొంగతనం చేసి వచ్చినట్టుంది. నా పిల్ల లోపల మిషన్‌తో కుస్తీ పడుతుంటే, అది ఓడిపోతుందని నేను బయట ఒప్పేసుకుని వచ్చాను.

ఇంట్లో ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. చెప్పనా, ఆగనా?

పోచయ్య


ముత్తంగి

నా బంగారు పెద్దరాములూ!

ఉత్తరంతో పంపిన మిఠాయి ముందు నోట్లో పెట్టుకుని తర్వాత చదువు. నీ జవాబు వచ్చేలోపే సంగతంతా తేలిపోయింది.

నర్సింహమ్మకు దుమ్ము గిట్టదు కదా. మిషన్ నడవని పొద్దు చూసి కొట్టం కడుగుతానని బక్కెట నీళ్లు కుమ్మరించింది. నిషిత మిషన్ తడుస్తుందని అరవబోయి, అరవకుండా నిలబడిపోయింది. నీళ్లనే చూస్తోంది. గుమ్మం వైపు మిషన్ కాళ్ల దగ్గర నీళ్లు ఎటూ పోక నిలిచాయి. అవతలి కాళ్ల దగ్గర గిర్రున పక్కకు తిరిగి మూలనున్న కాలువలోకి జారిపోయాయి.

“నాయినా, ఈ గచ్చు ఎవరేసిండ్రు?”

“మన పెద్దరాములు మామ. బర్రెల మూత్రం నిలవొద్దని కాలువ దిక్కు వాలు పెట్టిండు.”

అది కిందనే కూర్చుండి పగలబడి నవ్వింది! నాకేం అర్థం కాలేదు. తర్వాత తువ్వాలు తీసుకుని రెండు కొసలూ పట్టుకుని చూపించింది. ఒక కొస తిన్నగా ఉండి, రెండో కొస పక్కకు వాలితే నడుమ మెలిపడుతుంది. మిషన్‌కూ అదే జరిగింది. అంత బరువు ఇనుమూ నీ వాలుకు తలొగ్గి, తువ్వాలు పిండినట్టు రవ్వంత మెలి తిరిగింది. బిడ్డ పొడవునా చూసుకుంది గానీ అడ్డంగా చూసుకోలేదు. రాములూ, నువ్వు నొచ్చుకోకు. బర్రెలకు అంత మంచి గచ్చు ఇంకెవరూ వేయలేరు! లేత్ వస్తుందని నీకు కలొచ్చిందా?

ఇక చూడు మా బిడ్డను! తెలిసిన ఫిట్టరు దగ్గర ఇంకా సన్నగా చూపే రసమట్టం తెచ్చింది. బోల్టులు వదులు చేసింది. వాలులో ఉన్న కాళ్ల కింద ఇనుప రేకు ముక్కలు దూర్చుతుంది, అడ్డంగా మట్టం చూస్తుంది, ఒకటి తీస్తుంది, ఇంకా పలచనిది పెడుతుంది. నేను లైటు పట్టుకున్నాను. కడ్డీ తిప్పి రెండు కొసలూ కొలిచింది. మళ్లీ కొలిచి, మైక్రోమీటర్ నా చేతిలో పెట్టింది.

“నువ్వు జూడు నాయినా.”

ఆ గీతలు నాకేం తెలుసు? దాని మొహం చూశాను. రెండు కొసలూ ఒక్కటేనని తెలిసిపోయింది.

కొత్త పిన్నులు తీసుకుని ఇద్దరం స్కూటీ మీద వెళ్లాం. కంపెనీలో ఒక్కొక్కటీ కొలిచి పక్కన పెడుతున్నారు. ఒక్కటీ తిప్పి పంపలేదు. నేను ఉప్పొంగిపోతుంటే రాజశేఖర్ సారు నవ్వుతూ అన్నాడు:

“మంచిగ చేసినవమ్మా. మీ నాయిన అడిగిపోయిండు గదా, నౌకరీ గూడ తయారుంది. ఎప్పటి సంది వస్తవు?”

బిడ్డ నా దిక్కు చూసింది. నేను గోడ మీది గడియారం దిక్కు చూశాను.

“నౌకరీ వద్దు సార్. పని ఇయ్యుండ్రి.”

అంతే అన్నది. సారు “సరే, బండిల ఎత్తిపిస్త” అని మళ్లీ కడ్డీలు పంపించాడు.

తిరుగుదారి పట్టాం. లారీల మోతలో నేను వెనక బిక్కచచ్చి కూర్చున్నాను. ముత్తంగి చౌరస్తా సిగ్నల్ దగ్గర బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అంది: “నాయినా, నా కోసం ఎవరినన్న అడగాల్నని నీకు మస్తు అనిపిస్తదని నాకెరుకే. అడుగు. గని నౌకరీ అడగకు. పని అడుగు.”

కోపం లేదు ఆ గొంతులో. ఆ మాటకు నడిరోడ్డు మీద నా కళ్లు కారాయి, దుమ్ము అని తుడుచుకున్నాను.

ఈ పొద్దున అదే తెల్ల చొక్కా వేసుకున్నాను. జేబులో నా బిడ్డ చేసిన పిన్ను పెట్టుకుని పారిశ్రామికవాడలో ఒక కంపెనీ గేటు ముందు నిలబడ్డాను. వాచ్‌మన్ పైనుంచి కిందిదాకా చూశాడు.

“ఎవరు గావాలె కాకా?”

“పని గావాలె.”

“ఈ వయసుల నీకేం పని దొరుకుతది? ఇంటికి పో.”

“నాకు గాదు బిడ్డా, మా నిషిత వర్క్‌షాపుకు. జెర ఈ పిన్ను లోపట ఇంజినీరుకు జూపెట్టు. కొలుసుకొమ్మను. ఏ కొస దిక్కునుంచైనా కొలుసుకొమ్మను!”

గర్వంతో ఊరేగుతున్న
నీ పోచయ్య