గోడ మీదుగా ఒక కుటుంబం

కాట్రేనికోన,
మే 6

విజయవాడ ఆఫీసులో కంప్యూటరుకి బుద్ధులు నేర్పే అయ్యగారికి, కొల్లాటి వెంకటరమణమ్మ దండం పెట్టి రాయించేది.

నేను చేపలమ్ముకు బతికేదాన్నండి. సర్కారు చేపల వేట ఆపించిన రెండు నెలలకీ మాలాంటి ఆడవాళ్లకి సాయం ఇస్తామంటే పేరిచ్చేను. వాడలో అందరికీ పడింది, నాకు పడలేదు. ఊళ్లో సచివాలయంలో అడిగితే, మీ ఇంటికి అందిపోయిందని కంప్యూటరు చెబుతోందన్నారు. మా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. నాకు అందితే నాకు తెలీదా అండి? ఒకసారి దాన్ని గట్టిగా అడగండి.

ఇట్లు,
వెంకటరమణమ్మ, వేలిముద్ర

తా.క. ఫోనులో ఫిర్యాదు చెయ్యమన్నారు. ఒకటి నొక్కమంది, నొక్కేను. రెండు నొక్కమంది, నొక్కేను. నా పిలుపు దానికి చాలా ముఖ్యమంది. అరగంట చూసి ఉత్తరం రాయిస్తున్నాను.

విజయవాడ,
మే 13

వెంకటరమణమ్మ గారికి నమస్కారం.

నేను అయ్యగారిని కాదండి, అమ్మాయినే. పేరు జాయ్. మాది రాజోలు. ఈ సాయానికి కంప్యూటరు వ్యవస్థ తయారుచేసిన జట్టులో పనిచేస్తున్నాను. కుటుంబానికి ఒకరికే సాయం అన్నది నియమం. మీ డోర్ నంబరు మీదే కొల్లాటి కనకదుర్గ గారు కూడా ఉన్నారు. అందుకని కంప్యూటరు మీ ఇద్దరినీ ఒక కుటుంబం కింద లెక్కేసి, సొమ్ము ఆవిడ ఖాతాలో వేసింది. మీరు వేరైతే కుటుంబ విభజనకి దరఖాస్తు పెట్టండి.

మర్యాదలతో,
జాయ్

తా.క. కంప్యూటరుని గట్టిగానే అడిగేను. అది కూడా మీ ముఖ్యమైన పిలుపు గురించే చెప్పింది.

కాట్రేనికోన,
మే 18

రాజోలు అమ్మాయిగారికి వెంకటరమణమ్మ ఆశీస్సులు.

విభజన మీరు చెయ్యక్కర్లేదండి. తొమ్మిదేళ్ల కిందటే మేం చేసేసుకున్నాం. కనకదుర్గ నా తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ పోయేక, నాకు మాట మాత్రం చెప్పకుండా పడవ ఇంజను అమ్మేసింది. ఆ రోజునుంచీ మాటల్లేవు. ఇల్లు సగానికి కోసి గోడ పెట్టించేను. ఎనిమిది బారలు, కొలిపించేను. ఇప్పుడు మీరొచ్చి మళ్లీ కొలుస్తానంటే ఊరుకోను. దాన్నీ నన్నూ ఒక కుటుంబం అన్నవాడెవడో ఒకసారి మా వాడకి పంపండి.

ఇట్లు,
గోడకి తూర్పువైపు వెంకటరమణమ్మ, వేలిముద్ర

తా.క. జాయ్ అంటే అర్థం ఏమిటండి? సంతోషం అంటున్నారు ఇక్కడ. మీ ఉత్తరం చదివితే అలా లేదు.

విజయవాడ,
మే 24

వెంకటరమణమ్మ గారికి నమస్కారం.

మీ గోడ జోలికి ఎవరూ రారండి. విభజన అంటే కాగితం మీదే. గోడ ఉన్నా కంప్యూటరుకి కనబడదు. ఒకే పొయ్యి మీద వండుకుని తింటే ఒక కుటుంబం అని దానికి చెప్పేం. సర్వేకి వచ్చినతను మీ పక్కన, ‘ఒకే పొయ్యి: అవును’ అని రాసేడు. ఎందుకలా రాసేడో చెప్పగలరా?

మర్యాదలతో,
జాయ్

తా.క. అర్థం సంతోషమేనండి. పేరు పెట్టినప్పుడు మా అమ్మకి నా ఉద్యోగం సంగతి తెలీదు.

కాట్రేనికోన,
మే 29

సంతోషం గారికి వెంకటరమణమ్మ ఆశీస్సులు.

ఆ అబ్బాయి వచ్చిన రోజు గోడవతల దాని ఇంట్లో గ్యాస్ అయిపోయింది. దానికి షుగరు, పొద్దెక్కేదాకా తినకపోతే కళ్లు తిరుగుతాయి. చూస్తా ఊరుకోలేక చారూ అన్నమూ గోడ మీద పెట్టేను. మాట్లాడలేదండి, పెట్టేనంతే. తిని గిన్నె కడిగి గోడ మీద పెట్టింది. అదీ మాట్లాడలేదు. ఆ అబ్బాయి అది చూసి రాసుకుపోయేడు. అన్నం పెడితే కుటుంబం అయిపోతారా? అలాగైతే మా వాడంతా ఒకటే కుటుంబం, సాయం ఒక్కరికే వస్తుంది.

ఇట్లు,
వెంకటరమణమ్మ, వేలిముద్ర

తా.క. ఆ చారులో ఉప్పు ఎక్కువైందని అది ఎవరితోనో అందట. మీ ఫారంలో అది కూడా రాయండి.

విజయవాడ,
జూన్ 5

వెంకటరమణమ్మ గారికి నమస్కారం.

మీ ఉత్తరం మా మీటింగులో చదివి వినిపించేను. ఆ ప్రశ్న రాసింది నేనేనండి. అవును, కాదు అని రెండే గడులు పెట్టేను. గోడ మీదుగా అన్నం పెట్టేవాళ్లు ఎందులోకి వస్తారో నాకు తట్టలేదు. మీలాగే సాయం ఆగిపోయినవాళ్లు ఈ ఒక్క జిల్లాలోనే మూడు వందల పైన ఉన్నారు. తప్పు మీది కాదు, నాది. పొయ్యి ప్రశ్న తీసేసి, ఏ మనిషి పేరు ఆ మనిషిదే అని మార్చేం. మీరిద్దరూ సచివాలయానికి వెళ్లి, వేరుగా ఉంటున్నామని ఎవరికి వారు ఒప్పుకోలు ఇస్తే మీ సాయం మీకు పడుతుంది. కనకదుర్గ గారు చదువుకున్నారని రికార్డులో ఉంది కాబట్టి ఆవిడ వేలిముద్ర కాకుండా సంతకం చెయ్యాలి.

క్షమించమని అడుగుతూ,
జాయ్

తా.క. ఉప్పుకి గడి పెట్టమని అడిగేను. మా పైఆఫీసరు ఒప్పుకోలేదు.

కాట్రేనికోన,
జూన్ 19

జాయ్ అమ్మకి, గోడకి పడమటివైపు కనకదుర్గ రాసేది.

ఈ చేతిరాత ఎక్కడో చూసినట్టుంది కదండి. ఆయ్, ఆ ఉత్తరాలన్నీ రాసింది నేనే. మా వాడలో మా వయసువాళ్లలో ఏడో తరగతి చదివింది నేనొక్కదాన్నే. అక్కకి నాతో మాటల్లేవు కాబట్టి, గోడకి అటువైపు పీటేసుకుని కొబ్బరి చెట్టుకి చెప్పేది. నేను ఇటు కూర్చుని రాసేదాన్ని. కాగితం గోడ మీద పెడితే వేలిముద్ర వేసేది. మీ జవాబులు కూడా నేను చెట్టుకే చదివి వినిపించేదాన్ని.

నన్ను తిట్టినవన్నీ ఒక్క అక్షరం తగ్గించకుండా రాసేను. నాకు పడిన సొమ్ములో సగం గోడ మీద పెడితే తీసుకోలేదు. “నా పేరు లేకపోతే నేను లేనట్టేనా?” అని చెట్టుని అడిగింది. అందుకే ఇన్ని ఉత్తరాలు రాసేను.

ఒక్క మాట మాత్రం రాయలేదండి. ఇంజను సంగతి చెప్పిన రోజున, నేను కాగితం మడవబోతుంటే, “ఆ కనకదుర్గ కూడా పోతే గోడవతల దగ్గు కూడా వినబడదు నాకు” అంది. అక్షరాలు కనబడక ఆపేసేను.

ఎవరి దారిన వాళ్లం సచివాలయానికి వెళ్లి ఒప్పుకోలు ఇచ్చేం. మొన్న అక్కకి సాయం పడింది. అక్క వీధి గుమ్మంలోంచి మా ఇంటికొచ్చి, “అమలాపురం బ్యాంకుకి వెళ్లాలి, నడు” అంది. చెట్టుతో కాదు, నాతోనే అంది.

మేలు మర్చిపోని,
కనకదుర్గ

తా.క. బస్సెక్కిన దగ్గర్నుంచీ ఇంజను గురించి తిడతానే ఉంది. తొమ్మిదేళ్ల తరవాత నేనూ ఊరుకోలేదు. బ్యాంకు స్టాపు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ తెలీలేదండి.