మన భాషలో మొదటి మాట

తారీఖు పన్నెండు, గురువారం. పొద్దుటి నుంచి సన్నటి ముసురు. మేడ మీద నీళ్ల తొట్టి కడిగి, మూత బిగించాను.

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం వేళకు తిని తిరుగుతున్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఉత్తరం కూడా చిట్టా రాసినట్టే మొదలుపెడతానని కిందటిసారి వెక్కిరించావు. రోజూ లెక్కలు రాసే చెయ్యి, ఏం చేయను? వానా, పనీ రాస్తేగానీ తరవాతి మాట రాదు.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. మందు వేసుకుంటోంది, డాక్టర్ని తిడుతూ. మెట్లెక్కవద్దన్నారు కదా అంటే, "ఎక్కడం లేదురా, దిగుతున్నానంతే" అంటుంది. పైకి ఎలా వెళ్లిందో మాత్రం చెప్పదు.

ఇక నువ్వు అసలు అడిగినది. మునిసిపల్ సభలో మన భాష నిలిచిందా, పోయిందా? నిలిచింది. ముందే చెప్పేస్తున్నాను, ఊపిరి తీసుకో. నువ్వు ఇల్లిల్లూ తిరిగి, చెప్పులు అరగదీసుకుని సాధించిన ఏర్పాటు ఎక్కడికీ పోలేదు. ఎలా నిలిచిందన్నది మాత్రం నిదానంగా చెప్పాలి.

నువ్వు ఊరు మారాక ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా రాసి ఉండరు. మనవాళ్లు సభలో మన భాషలోనే మాట్లాడవచ్చని మునిసిపాలిటీవాళ్లు అన్నారు. అనువాదం చేసే అమ్మాయిని ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టారు. సభ్యులకు ఇయర్‌ఫోన్లు కొన్నారు. ఏడాది చూస్తామనీ, ఎవరూ వాడుకోకపోతే తీసేస్తామనీ చెప్పారు. ఎవరూ వాడుకోలేదు, చెల్లాయ్. మనవాళ్లు వెళ్లారు, లేచారు, మాట్లాడారు. కానీ అందరూ ఆఫీసు భాషలోనే. కావాలని కాదు. ఆ నున్నటి నేలా, ఆ మైకూ చూడగానే నాలుక తనంతట తానే అటు తిరిగిపోతుంది. చిన్నప్పటి నుంచి బడిలో, ఆసుపత్రిలో, బల్లకు అవతల మనిషి కూర్చున్న ప్రతిచోటా ఆ భాషే కదా. మనది ఇంటి భాష, లాలించడానికీ పోట్లాడడానికీ. పాపం ఆ అమ్మాయి ఏడాదంతా అద్దాల గదిలో స్వెటర్ అల్లుకుంది.

మొన్న సోమవారం సభతో గడువు ఆఖరు. మన సందువాళ్లం మన భాషలోనే మాట్లాడాలని ఒట్టేసుకుని మరీ వెళ్లాం. ముందు రిటైరైన పోస్టుమాస్టరుగారు లేచారు. వీధి దీపాల గురించి ఆఫీసు భాషలో గుక్క తిప్పుకోకుండా చెప్పి, కూర్చుని, నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, అలవాటులో పొరపాటయిపోయిందర్రా!" అన్నారు మాతో. అది మాత్రం మన భాషలోనే, మైకుకు దూరంగా.

తరవాత నేను లేచాను. నువ్వు రాసి పంపిన నాలుగు మాటలు జేబులోనే ఉన్నాయి. ఇంట్లో అద్దం ముందు చదువుకున్నాను కూడా. "చదివావా అన్నయ్యా, అందరూ విన్నారా?" అని అడిగావు. ఇంతసేపూ దాటేస్తున్నది ఆ ప్రశ్ననే. చదవలేదమ్మా. లేవగానే "గౌరవనీయులైన అధ్యక్షులవారికి, దయచేసి" అన్నాను, ఆఫీసు భాషలో. కాగితం సంగతే మరిచిపోయి, మన సందులో పొంగుతున్న మురుగు గురించి అదే భాషలో అందుకున్నాను.

వెనక వరుసలో మీ వదిన లేచింది.

"ఏమయ్యా, నీకేమైంది? ఇంట్లో చెడిపోయిన పంపుతో కూడా మన భాషలో మాట్లాడతావే, ఇక్కడ మనుషులతో మాట్లాడలేవా? రోజూ ఆ మురుగులో బట్టలు ఎత్తిపట్టుకుని నడిచేది నేను. నువ్వేమో దయచేసి, దయచేసి అంటూ అక్కడే నిలబడు!"

అద్దాల గదిలో అమ్మాయి ఉలిక్కిపడి అల్లిక పక్కన పడేసింది. అనువాదం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. మీ వదిన తిట్టింది తిట్టినట్టు, అదే విసురుతో, సభ్యులందరి చెవుల్లో పడింది. ఒకాయన నవ్వాపుకోలేక ఇయర్‌ఫోను తీసేసి, ఇంకా ఉందేమోనని గబుక్కున మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మా, మైకు దగ్గరికి రండి" అన్నాడు అధ్యక్షుడు.

"నేనెందుకండీ? మాట్లాడతానని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చింది ఆయన!"

అదీ అనువాదమైంది. "కాస్త ఉండవే, చెబుతున్నాగా!" అన్నాను నేను. అదీ అయింది.

ఇంక ఆగలేదు. మురుగు ఎక్కడ పొంగుతోందో, ఎవరింట్లోకి వస్తోందో, పిల్లలు దేని మీద నుంచి దూకి బడికి వెళుతున్నారో అంతా మన భాషలోనే చెప్పాను. ఒక సభ్యుడు చెయ్యెత్తి, "మా భాష మీకు ఇంత బాగా వచ్చు కదా, మరి ఈ ఏర్పాటంతా ఎందుకు?" అన్నాడు.

"మీ భాష నేను కౌంటర్ల దగ్గర నేర్చుకున్నానండీ. బతిమాలడం బాగానే వచ్చు. గట్టిగా అడగడం రాదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఏర్పాటు ఉంచాలా వద్దా అని ఓటుకు చేతులెత్తమన్నప్పుడు ఎత్తనూ లేదు. మిగతావాళ్లు చాలామంది ఎత్తారు. ఇకమీదట గడువూ, పరీక్షా లేవు, ఏర్పాటు శాశ్వతం. పోస్టుమాస్టరుగారు వెంటనే లేచి, వీధి దీపాల సంగతంతా మొదటి నుంచి మన భాషలో మళ్లీ చెప్పారు. ఎవరూ ఆపలేదు.

నీకు రాయడానికి జంకింది ఇందుకే. సభ రికార్డులో మన లిపిలో ఎక్కిన మొదటి వాక్యం నువ్వు రాసినది కాదు. "ఏమయ్యా, నీకేమైంది?" అన్నది. గుమాస్తా మర్యాదకి మీ వదినను అడిగాడు, ఆ మాటలు కొట్టేయమంటారా అని. "ఎందుకూ? అబద్ధమేమైనా చెప్పానా?" అంది. ఉంచేశారు. నువ్వు నొచ్చుకుంటావేమోనని మూడు రోజులుగా కలం పట్టలేదు. కానీ చెల్లాయ్, బయటికి వస్తూ ఆ భవనం మెట్ల మీద మనవాళ్లు ఎంత గట్టిగా మాట్లాడుకున్నారో నువ్వు వినాల్సింది. కాపలా మనిషి ఎప్పటిలా నెమ్మది, నెమ్మది అనలేదు.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. మురుగు కాలువ మనుషులొచ్చినట్టున్నారు. మీ వదిన గుమ్మంలోంచే వాళ్లతో మన భాషలో మొదలుపెట్టింది. ఎంత అర్థమైందో ఏమో, తలలు మాత్రం గట్టిగా ఊపుతున్నారు. కాలువ మూత ఎక్కడుందో నేను వెళ్లి చూపించాలి.

ఇట్లు,
తొందరలో,
నీ అన్నయ్య