అడవి ఉల్లిగడ్డ ఇచ్చి నోరు విప్పలేదు

మంగళవారం

పక్కింటి లచ్చవ్వ అరికాలి ఆనెలకు మందు కావాలని ఆమె కోడలు సరిత పొద్దున వచ్చింది. అడవి ఉల్లిగడ్డను నిప్పుల మీద కాల్చి చేతిలో పెట్టాను. మందిచ్చేటప్పుడు మాట్లాడితే పని చేయదని నాటుమందులిచ్చే మా బాపు అనేవాడు. అందుకే కాలికి కట్టమని చెప్పలేదు. అదీ సాకే, ఆడవాళ్లతో మాట్లాడాలంటే నాకు సిగ్గు. సరిత దాన్ని అత్తకు బెల్లంతో తినిపించింది.

మధ్యాహ్నానికి లచ్చవ్వకు ఒకటే వాంతులు. దవాఖానకు నేనూ పోయాను.

"ఈ విషపు గడ్డ ఎవరిచ్చిండ్రు?" అని డాక్టర్ గద్దించాడు.

నేను నేలచూపులు చూశాను.

"ఎవలియ్యలే సారూ, నేనే తవ్వుకొచ్చిన," అన్నది సరిత.

సాయంత్రానికి వాంతులు ఆగాయి. లచ్చవ్వ నన్ను చూసి, "అన్నా, నీ మందు మస్తు చేదున్నదే. రేపు గూడ తినాల్నా?" అని అడిగింది.

వద్దని తల మాత్రం ఊపాను.